నల్ల వైరు మీది ముడి

ఆ వైరుకు ముడి ఉంది. దాన్ని విప్పింది నేను.

ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు దాదాపు పదేళ్లు పట్టింది. చెప్పాల్సిన రోజున, సూర్యాపేటలో ఒక పెళ్లి ఊరేగింపు మధ్య, బానెట్ ఎత్తిన జీపు పక్కన నిలబడి నేను నోరు మూసుకున్నాను. నేను మూసుకున్నందుకు ఇంకొకడు మాటలు పడ్డాడు. అతనికి తర్వాత చెప్పుకున్నాను. కానీ ఆ సాయంత్రం చుట్టూ నిలబడి నవ్విన వాళ్లందరి ఇళ్లకూ వెళ్లి చెప్పలేను కదా. అందుకే రాస్తున్నాను. రాస్తున్నానని అతనికి తెలుసు. “రాయన్నా, గాని ఆ బొమ్మ సంగతి ఇడిసిపెట్టకు,” అన్నాడు. విడిచిపెట్టను.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. కోదాడలో గురువుగారి దగ్గర రేడియో పని నేర్చుకుని, సూర్యాపేటలో సొంతంగా దుకాణం పెట్టి ఏడాది కూడా కాలేదు. రేడియోలు, టేపురికార్డర్లు, మైకుసెట్లు బాగుచేసేవాణ్ణి. మా పనిలో ఒక పద్ధతి ఉండేది. మైకుసెట్ల నుంచి మిగిలిన నల్ల జంట వైరునే మేము అన్నిటికీ వాడేవాళ్లం. రెండు పోగులూ నల్లవే. ఏది ప్లస్సో, ఏది మైనస్సో తెలియడానికి ప్లస్ పోగు చివర ఒక ముడి వేసేవాళ్లం. కంటితో చూడనక్కర్లేదు, వేలితో తడిమితే చాలు. మైకువాళ్లకూ, బ్యాండువాళ్లకూ, ట్రాక్టరు డ్రైవర్లకూ కూడా తెలిసిన గుర్తు అది. ముడి ఉన్నది ప్లస్ అంటే ప్లస్సే, ఇంకెవరూ అడిగేది లేదు.

నా దుకాణానికి ఎక్కువ పని ఇచ్చేది ఒక బ్యాండు పార్టీ. దాని పెద్దను అందరూ కాకా అనేవాళ్లు. ఆయన ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కొచ్చాడు. జపాన్‌ది. అప్పటికే ఎవరో బాగా వాడి అమ్మేసింది. తెల్లమెట్లు కాస్త పసుపు పచ్చగా మారాయి. అయినా పేటలో ఏ బ్యాండులోనూ అటువంటిది లేదు. జనం దాన్ని ‘కరెంటు హార్మోని’ అన్నారు.

దాన్ని వాయించేవాడు మోతె ఊరి దిక్కు నుంచి వచ్చిన కుర్రవాడు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. గొర్రెలు కాచే ఇల్లు. భజనలో హార్మోనియం పట్టి, చెవితోనే అన్నీ నేర్చుకున్నాడు. కీబోర్డుకు పెట్టె లేకపోతే ఇంటి నుంచి గొంగడి తెచ్చి అందులో చుట్టి భుజాన వేసుకునేవాడు. “పిల్లగొర్రెను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటడు సూడు,” అని డప్పులవాళ్లు ఎకసెక్కం చేసేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

ఆ కీబోర్డుకు ఎనిమిది పెద్ద సెల్లులు కావాలి. రెండు ఊరేగింపులకే అయిపోయేవి. జీపు బ్యాటరీ వోల్టేజి కూడా అంతే కాబట్టి, దానికి తగిలించడానికి ఒక వైరు చేసిమ్మని కాకా నన్ను అడిగాడు. ఒక చివర కీబోర్డులో దూరే పిన్ను, ఇంకో చివర బ్యాటరీని పట్టుకునే రెండు క్లిప్పులు. అరగంట పని.

ఆ ఊరేగింపు ఉన్న పెళ్లి రోజు పొద్దున అతను కీబోర్డును గొంగడిలో మోసుకొచ్చి, పిన్ను దూరే రంధ్రం చూపించాడు.

“అన్నా, గీడ ఏదో బొమ్మ ఉన్నది, జర సూడు. నడుమ సుక్కకు మైనస్ గీత గీసిండ్రు.”

“నువ్వు మెట్లు నొక్కు తమ్మీ. వైర్లు నేను సూస్కుంట. నాకు నేర్పుతవా?”

“నేర్పుతనా! నీ తాన నేర్చుకుందామనే అడుగుతున్న,” అని నవ్వి, ప్రాక్టీసుకు టైమయిందని కీబోర్డు తీసుకుని వెళ్లిపోయాడు.

పిన్నుకు లోపలి భాగం ఒకటి, బయటి తొడుగు ఒకటి. నా దగ్గరకు వచ్చే సెట్లకు నేను చేసే వైర్లలో లోపల ప్లస్, బయట మైనస్. చేయి అలవాటు పడిపోయింది. అలాగే సోల్డరింగు చేశాను. లోపలికి పోయే పోగుకు క్లిప్పు దగ్గర ముడి వేశాను. ఆ జపాన్ కీబోర్డుకు మాత్రం లోపల మైనస్. అది దాని ఒంటి మీదే అచ్చు వేసి ఉంది. అతను వేలు పెట్టి చూపించింది అదే.

సాయంత్రం ఊరేగింపు కదిలే ముందు అతను కీబోర్డును జీపు ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని, పిన్ను దూర్చాడు. తర్వాత దిగి, బానెట్ కింద వంగి క్లిప్పులు తగిలించాడు. నేను వెనక మైకుసెట్టు బండి దగ్గర ఉన్నాను. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. తర్వాత వాసన. ఆ వాసన మా పనివాళ్లకు ఎక్కడున్నా తెలుస్తుంది. పరుగెత్తాను. కీబోర్డు సందుల్లోంచి పొగ వస్తోంది. క్లిప్పులు లాగేసి, వైరును చేతికి చుట్టుకుంటుంటే బొటనవేలికి ముడి తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, నడుమ చుక్కకు మైనస్ గీత.

మెలిక దూర్చి వేసిన జారుముడి అది. వదులుగానే వేశాను. గోరు పెట్టి నెట్టితే జారిపోయింది. ఇదంతా ఒక గుటక మింగేంతలో అయిపోయింది.  చేతులు చేసేశాయి.

కాకా జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ కుర్రవాడి మీద కేకలేశాడు. “ఏం జేసినవ్‌రా? వైర్లు ఉల్టా పెట్టినవా?”

“లేదు కాకా. ముడి ఉన్న వైరే ప్లస్సుకు పెట్టిన. తడిమి సూసి మరీ పెట్టిన.”

“ఏదీ ముడి? సూపియ్.”

నేను వైరు చాచాను. అతను రెండు పోగులనూ వేళ్ల మధ్య పెట్టి చివరి దాకా లాగాడు. మళ్లీ లాగాడు. పిన్ను వైపు కూడా చూశాడు. “ఇప్పుడే ఉండె కాకా...”

“ముడిని గొర్రె మేసిందేమో పోరా!” అని ఎవరో అన్నారు. పెళ్లివారు, డప్పులవాళ్లు, జీపు డ్రైవరు అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. నా వైపు చూశాడు.

“అన్నా, ముడి నువ్వే కదా ఏసినవ్?”

“ముందు ఊరేగింపు కదలనియ్యుండ్రి,” అన్నాను నేను, కాకా వైపు తిరిగి. అంతే అన్నాను.

డప్పులు, క్లారినెట్‌లతో ఊరేగింపు సాగిపోయింది. అతను ఖాళీ గొంగడి భుజాన వేసుకుని వెనకాల నడిచాడు.

మర్నాడు కాకా కీబోర్డును నా దుకాణంలో పెట్టాడు. నేను ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, “లోపల పెద్ద చిప్పు కాలింది కాకా, మన తాన దొరకదు,” అన్నాను. విప్పితే బాగుచేయాలి. చేస్తే మళ్లీ ఎలా కాలిందన్న మాట వస్తుంది. “అయితే ఉంచుకో, స్పేరు పార్టులకు పనికొస్తది,” అని ఆయన వెళ్లిపోయాడు. ఆ కుర్రవాణ్ణి పార్టీలోంచి తీసేశారు. బజారులో అతనికి ‘ఉల్టా’ అనే పేరు పడింది. కొన్నాళ్లకు మిర్యాలగూడలో ఏదో రైస్ మిల్లులో పనికి కుదిరాడని విన్నాను. నిజం చెప్పాలంటే, విని ఊపిరి పీల్చుకున్నాను. ఇక బజారులో ఎదురుపడడు అనుకున్నాను.

కొత్త దుకాణం, పేరు పోతే పూట గడవదు, అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ అతనికీ పూట గడవాలన్న సంగతి ఆ లెక్కలోకి రానిచ్చేవాణ్ణి కాదు. కీబోర్డును అటక మీద పెట్టి గుడ్డ కప్పాను. ఆ వైరును ఇంకో పనికి వాడలేకపోయాను, పారేయనూ లేకపోయాను. మేకుకు తగిలించాను. ఏటా దుకాణానికి సున్నం వేసేటప్పుడు తీసి, మళ్లీ అక్కడే తగిలించేవాణ్ణి.

తొంభైల మధ్యలో మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు మేనేజరు కబురు పెట్టాడు. ధాన్యంలో తేమ చూసే మీటరు చెడిపోయిందట. వెళ్లి బాగుచేసి వస్తుంటే అరుగు మీద నుంచి ఒక కేక వినిపించింది.

“ఓ ఉల్టా! గా సూది ఇటు పట్రా!”

తిరిగి చూశాను. బస్తాలు కుట్టేవాళ్ల మధ్య, కనుబొమ్మల మీద తౌడు దుమ్ముతో, అతను. నన్ను చూసి మొహమంతా విప్పారింది. చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“అన్నా! గిట్లొచ్చినవేంది? దా, చాయ్ తాగుదాం.”

గేటు ముందు బల్ల మీద కూర్చున్నాం. ఆ పేరు ఇక్కడికి ఎట్లా వచ్చిందని అడిగాను. పేట నుంచి వచ్చిన ఒక హమాలీ మోసుకొచ్చాడట. “బస్తాలతోపాటు గా పేరు గూడ దించిండు,” అని నవ్వాడు. వాయిస్తున్నావా అని అడిగాను.

“లేదన్నా. నాకు వైరంటేనే భయమైతది. ఇంట్ల బల్బు గూడ మా ఆమెనే మారుస్తది.” గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. “ముడి ఉన్నదని నా యేలికి తెలిసిందనే అనుకున్న. సూస్తే లేకపాయె. తప్పు జేసిన, సరే. గాని లేనిది ఉన్నట్టు నా యేళ్లు నాకే అబద్ధం జెప్పినయ్ గదా. ఇగ ఆ యేళ్లతోని ఏం వాయిస్త?”

అప్పుడు చెప్పాల్సింది. నా చేతిలో వేడి గ్లాసు ఉంది, ఎదురుగా అతను ఉన్నాడు, మధ్యలో ఎవరూ లేరు. నేను టీ తాగేసి బస్సెక్కాను.

పేరు పోవడం ఒక ఎత్తు. అతని వేళ్ల మీద అతనికి నమ్మకం పోవడం నేను చేసిన పని. అది నాకు అంతవరకు తెలియదు. మర్నాడు దుకాణం తెరవగానే అటక మీది కీబోర్డు దించాను.

స్క్రూలు విప్పి కింది పలక ఎత్తితే ముందు కనిపించింది బూడిద కాదు. ఊలు. మెట్ల సందుల్లో, స్పీకర్ల మూలల్లో నల్లటి గొంగడి పోగులు చిక్కుకుని ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తీశాను. తీసినవి ఊదేయలేక ఒక కాగితంలో పెట్టాను.

తర్వాత అసలు దెబ్బ చూశాను. పిన్ను దగ్గర ఉల్టా కరెంటును అడ్డుకునే డయోడ్ బొగ్గయిపోయింది. స్పీకర్లకు శబ్దం పెంచి ఇచ్చే ఐసీ పగిలింది. మూడు కండెన్సర్లు ఉబ్బి, బోర్డు మీద జిగురులా కారాయి. పెద్ద చిప్పు చూడటానికి బాగానే ఉంది కానీ, చూస్తే తెలిసేది కాదు అది. పగిలిన ఐసీ కోసం పేటంతా తిరిగాను. దొరకలేదు. బోర్డును సంచిలో పెట్టుకుని కోదాడ వెళ్లాను.

గురువుగారు అప్పటికి దుకాణం మూసేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. కంటి ఆపరేషను అయింది. బోర్డును మొహానికి దగ్గరగా పెట్టుకుని, ముక్కుతో వాసన చూసి, వేలితో డయోడును తాకారు.

“ఇది ఉల్టా ఇస్తే తప్ప ఇట్లా పోదు. ఎవడిచ్చాడయ్యా?”

“నేనేనండి.”

అంత సులువుగా వస్తుందనుకోలేదు. పదేళ్లు లోపల తొక్కిపెట్టిన మాట, ఆయన అలవాటుగా అడిగిన ప్రశ్నకు అలవాటుగా బయటికి వచ్చేసింది. వచ్చాక మిగతాదంతా చెప్పాను. ముడి వేసిందీ, విప్పిందీ, ఊరేగింపు కదలనివ్వండి అన్నదీ. చెబుతుంటే సంచి బరువు భుజం మీద నుంచి దిగినట్టే ఉంది.

“బొమ్మ అచ్చేసి మరీ పెట్టారు గదయ్యా. చూళ్లేదా?”

“అతను చూపించాడండి. నేనే చూళ్లేదు.”

ఆయన బోర్డును ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత, “ముడి వేయడం నేర్పాను గానీ, విప్పడం నేర్పినట్టు గుర్తులేదే,” అన్నారు. లేచి లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చారు. పాత టూ-ఇన్-వన్‌ టేపురికార్డర్ల నుంచి పీకిన ఐసీలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ నా చేతికిచ్చి నంబరు చదవమన్నారు. ఏడోదో ఎనిమిదోదో సరిపోయింది.

“కండెన్సర్లు కొత్తవే వేయి, పాతవి వద్దు. ఈ డయోడు ముందు కాలింది కాబట్టి వెనక పెద్ద చిప్పుకు దెబ్బ తగిలి ఉండకపోవచ్చు. విప్పి చూడకుండానే చచ్చిపోయిందని చెప్పావన్న మాట.” నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, “ఆ అబ్బాయికి చెప్పావా?” అన్నారు.

“ఇంకా లేదండి.”

“మరి నాకు చెబితే ఏం లాభం?”

మూడు రోజులు పట్టింది. కారిన చోటల్లా స్పిరిట్‌తో కడిగాను. కాలిపోయిన దారికి బదులు సన్నటి తీగ వేశాను. డయోడు, ఐసీ, కండెన్సర్లు మార్చాను. కరెంటు ఇచ్చే ముందు, దుకాణం పెట్టిన కొత్తలో కూడా ఎప్పుడూ లేనంత భయం వేసింది. ఎర్ర బల్బు వెలిగింది. స్పీకర్‌లో చిన్న గుర్రు. మధ్యలో ఒక మెట్టు నొక్కాను. పలికింది. కుర్చీలో వెనక్కి వాలిపోయాను. టీ ఇవ్వడానికి వచ్చిన హోటలతను “ఏమైందన్నా, షాక్ కొట్టిందా?” అని అడిగాడు. లేదు, చిప్పు బతికే ఉంది అన్నాను. అతనికేం అర్థమవుతుంది.

సగం మెట్లు మూగగా ఉన్నాయి. వాటి కింది రబ్బరు పట్టీలు తీసి, దూదితో తుడిచి మళ్లీ పెడితే ఒక్కొక్కటే పలకసాగాయి. పై చివర రెండు మాత్రం పలకలేదు. వాటిని అలాగే వదిలేశాను.

మేకు మీది వైరు దించి, పిన్ను ఊడదీసి, ఈసారి లోపల మైనస్ పెట్టి సోల్డరింగు చేశాను. మీటరుతో మూడుసార్లు చూశాను. ప్లస్ పోగుకు ముడి వేశాను. గోరుకు లొంగనంత గట్టిగా బిగించాను. పాత గొంగడి ఎక్కడుందో, ఏమయిందో. కొత్తది ఒకటి కొని, కీబోర్డు అందులో చుట్టి మిర్యాలగూడ బస్సెక్కాను.

మధ్యాహ్నం అన్నాల వేళ. మిల్లు ఆగి ఉంది. అందరూ అరుగు మీద డబ్బాలు విప్పారు. అతను గొంగడి మూట చూసి లేచి వచ్చాడు. మూట విప్పి, మెట్ల మీద చేయి పెట్టబోయి ఆపేశాడు.

“గిది కాలింది గదన్నా?”

“కాలింది. చేసిన.” పక్కన ధాన్యం ట్రాక్టరు నిలబడి ఉంది. వైరు అతని చేతిలో పెట్టాను. “బ్యాటరీకి నువ్వే పెట్టు.”

అతను చేయి వెనక్కి లాక్కున్నాడు. “నువ్వే పెట్టన్నా.”

“ముందు తడిమి సూడు.”

తడిమాడు. “ముడి ఉన్నది,” అన్నాడు, నమ్మాలో వద్దో తెలియనట్టు.

“ఆ రోజు గూడ ఉండె తమ్మీ.”

అతని వేళ్లు ముడి మీదే ఉన్నాయి. నేను చెప్పుకుంటూ పోయాను. నువ్వు చూపిన బొమ్మ నేను చూడలేదని, పిన్ను దగ్గర ఉల్టా చేసింది నేనని, పొగ రాగానే అర్థమై ముడి విప్పేశానని. కొట్టినా పడదామనే వచ్చాను.

“ఉండెనా?”

“ఉండె.”

“నా యేలికి తగిలింది నిజంగనే తగిలిందా?”

“నిజంగనే.”

అతను ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్లు ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు. “గొర్రె మేసిందన్నరన్నా,” అన్నాడు. అరిచినట్టే అన్నాడు. కళ్లు తుడుచుకుని, మళ్లీ వేళ్లు చూసుకుని, ఉన్నట్టుండి నవ్వాడు. “ఉండె! ఉండెనంట!” నా గుండె అప్పుడు కుదుటపడింది. ఆ నవ్వు నా కోసం కాదని తెలుసు. అయినా కుదుటపడింది.

తర్వాత లేచి నా రెక్క పట్టుకున్నాడు.

“నాకొక్కనికి జెప్తె గాదు. గాడ పది మంది ముందట నా ఇజ్జత్ పోయింది. గీడ పది మంది ముందట జెప్పు.” అరుగు వైపు తిరిగి కేకేశాడు. “ఇగో, అందరు ఇటు రాండ్రి! గీ అన్న ఏం జెప్తడో ఇనుండ్రి!”

చేతులకు అంటిన మెతుకులతోనే వచ్చారు. “ఏందిరా ఉల్టా, పెండ్లి కుదిరిందా మళ్లొకటి?” అన్నాడు ఒకడు.  అతను పిన్ను కీబోర్డుకు దూర్చి, బ్యాటరీ మీదికి వంగి, రెండు పోగులూ వేళ్ల మధ్య పెట్టి లాగి, ముడి దొరికినదాన్ని ప్లస్సుకు, రెండోదాన్ని మైనస్సుకు తగిలించాడు. ఎర్ర బల్బు వెలిగింది. పొగ రాలేదు. ఒక మెట్టు నొక్కి, అది పలుకుతుంటే అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

“ఇగ జెప్పు,” అన్నాడు.

నేను చుట్టూ నిలబడ్డ వాళ్ల వైపు తిరిగాను.

“ఇతన్ని ఉల్టా అని పిలువకుండ్రి. ఉల్టా జేసింది నేను. ముడి ఏసింది నేను, ఎవ్వలు సూడకుంట ఇప్పింది నేను. ఇతను సక్కగనే పెట్టిండు. తమ్మీ, నీ యేళ్లు అబద్ధం జెప్పలే. నేనే జెప్పిన. తప్పైంది. నన్ను మాఫ్ చెయ్యి.”